సుభిక్ష లేదు, బిగ్ బజార్ లేదు: హైదరాబాద్‌లో చవక సరుకులు, టిన్ను డబ్బాలు ఇప్పుడెక్కడ కొనాలి

"సుభిక్షలాంటి షాపు ఇప్పుడు ఏదైనా ఉందా?" అని మా చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ప్రశ్న ఒకటే అయినా ఒక్కొక్కరి మనసులో ఉన్నది వేరు. మా పిన్నికి గుర్తున్నది మందుల బిల్లులో తగ్గిన డబ్బు. మా బావగారికి గుర్తున్నది ఆదివారం సాయంత్రం పిల్లల్ని ట్రాలీలో కూర్చోబెట్టుకుని బిగ్ బజార్ అంతా తిరగడం. నాకైతే ఆ షాపుల్లో వరసగా పేర్చి ఉండే డబ్బాలు: పైనాపిల్ ముక్కలు, మిల్క్‌మెయిడ్, పండగ ముందు మాత్రమే ఇంటికొచ్చే రసగుల్లా.

ధర, తిరగడం, డబ్బా. ఈ మూడూ ఒకప్పుడు ఒకేచోట దొరికాయి. ఇప్పుడు దొరకవు. కాబట్టి "పాతదానికి సమానమైన షాపు ఏది" అని వెతికితే జవాబు దొరకదు. ఆ మూడింట్లో మీకు లోటుగా ఉన్నది ఏదో తేల్చుకుంటే మాత్రం వెళ్లాల్సిన చోటు ఈ ఊళ్లో కచ్చితంగా ఉంది.

ఆ చవక ఎక్కణ్నుంచి వచ్చింది

ఇది చరిత్ర కోసం చెప్పడం లేదు. ఇప్పుడున్న షాపుల్లో ఏది నమ్మదగినదో తెలియాలంటే పోయినవి ఎందుకు పోయాయో తెలియాలి.

సుభిక్ష 1997లో చెన్నైలో మొదలైంది. చిన్న షాపు, ఏసీ ఉండదు, హంగులు ఉండవు, ధర మాత్రం ఎమ్మార్పీ కంటే తక్కువ. కిరాణాతో పాటు మందులు, తర్వాత సెల్‌ఫోన్లు కూడా అమ్మారు. 2008 నాటికి దేశమంతా కలిపి దాదాపు 1,600 షాపులకు చేరింది. ఆ వేగమంతా అప్పు మీద నడిచింది. చేతిలో నగదు అయిపోగానే సరుకు రావడం ఆగింది, జీతాలు ఆగాయి, 2009 మొదటికల్లా షట్టర్లు దిగిపోయాయి.

త్రినేత్ర మన ఊరిదే. హైదరాబాద్‌లో పుట్టి తెలుగు జిల్లాలకు, పక్క రాష్ట్రాలకు పాకిన సూపర్‌మార్కెట్. 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనేసింది. ఆ తర్వాత బోర్డులు 'మోర్'గా మారాయి. ముషీరాబాద్‌లో 'జెయింట్' పేరుతో వచ్చిన పెద్ద షాపు ఆ తర్వాత స్పెన్సర్స్ అయింది. ఆ స్పెన్సర్స్ కూడా నష్టాలు భరించలేక 2024లో తెలుగు రాష్ట్రాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. హెరిటేజ్ ఫ్రెష్ షాపుల్ని 2016 చివర్లో ఫ్యూచర్ గ్రూపుకి అమ్మడానికి ఒప్పందం కుదిరింది. ఆ ఫ్యూచర్ గ్రూపుదే బిగ్ బజార్. 2001లో కోల్‌కతా, బెంగళూరు, హైదరాబాద్‌లలో దాదాపు ఒకేసారి తెరిచారు. 2006 నుంచి జనవరి 26కి 'సబ్సే సస్తా దిన్' అని పెడితే జనం తోపులాటగా వచ్చేవాళ్లు. బుధవారం బజారు వేరే. అప్పులు పెరిగి, కరోనా దెబ్బకి అద్దెలు కట్టలేక, 2022 ఫిబ్రవరిలో చాలా షాపులు రిలయన్స్ చేతికి వెళ్లాయి. ఇప్పుడు అవే చోట్ల చాలావరకు 'స్మార్ట్ బజార్' బోర్డులు కనిపిస్తాయి.

వీటిలో కొన్ని ధర తగ్గించింది ఖర్చు తగ్గించుకుని కాదు, అప్పు తెచ్చి. అలాంటి చవక మనకి కొన్నాళ్లు బాగుంటుంది, ఒకరోజు అరలు ఖాళీ అవుతాయి. రెండో రకం చవక ఉంది. షాపు నడిపే ఖర్చే తక్కువ కావడం వల్ల వచ్చేది. డీమార్ట్ ఆ రకం. 2002లో ముంబైలో మొదలైన ఈ సంస్థ వీలైనచోటల్లా అద్దెకి కాకుండా సొంత భవనాల్లో షాపులు పెడుతుంది, సరుకు ఇచ్చినవాళ్లకి డబ్బు త్వరగా చెల్లించి తక్కువకి తెచ్చుకుంటుంది, ఒక్కో సరుకులో నాలుగైదు రకాలకు మించి పెట్టదు. అందుకే అక్కడ పండగ ఆఫర్ కోసం ఎదురుచూడక్కర్లేదు, మామూలు మంగళవారం కూడా ధర దాదాపు అదే.

లోటు ధరైతే

నెల సరుకుల లిస్టు పెద్దదైతే, ఇంట్లో నలుగురికి మించి ఉంటే, నా ఓటు డీమార్ట్‌కే. పప్పులు, నూనె, సబ్బులు, డిటర్జెంట్, బిస్కెట్లు, టీపొడి లాంటివి అక్కడ కొంటే తేడా బిల్లులో స్పష్టంగా కనిపిస్తుంది. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఒకటో తారీకు తర్వాత వచ్చే మొదటి వారాంతం అసలే వద్దు. బిల్లింగ్ లైన్‌లో గంట నిలబడితే ఆ మిగిలిన వందో రెండొందలో చేదనిపిస్తాయి. వీలైతే పని రోజు పొద్దున తెరవగానే వెళ్లండి. ఇంకో లోటు ఏంటంటే, రకాలు తక్కువ. ఫలానా కంపెనీ ఫలానా సైజే కావాలంటే దొరక్కపోవచ్చు. టిన్ను డబ్బాల విషయంలో ఇది బాగా తెలుస్తుంది.

బేగంబజార్, సికింద్రాబాద్ మోండా మార్కెట్ ఇంకా చవక అని అందరూ అంటారు. నిజమే, కానీ అందరికీ కాదు. ఎండుమిర్చి, చింతపండు, ధనియాలు, జీడిపప్పు, కిస్మిస్ ఏడాదికో ఆర్నెల్లకో ఒకేసారి కొనేవాళ్లకి అక్కడికి మించింది లేదు. వారం వారం అర కిలో కొనేవాళ్లకి పార్కింగ్, ఆటో ఖర్చు కలిపితే మిగిలేదేం లేదు. బేగంబజార్‌కి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగి వెళ్లొచ్చు, కానీ పది కిలోల సంచితో మెట్లు దిగడం ఎవరికి వాళ్లు ఆలోచించుకోవాలి. ఇద్దరు ముగ్గురు తోటికోడళ్లో, అపార్ట్‌మెంట్‌లో వాళ్లో కలిసి లిస్టు వేసుకుని వెళ్తే మాత్రం ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. ఆటో ఖర్చు పంచుకోవచ్చు, హోల్‌సేల్ ధర అడిగే హక్కు వస్తుంది. కేటరింగ్ వాళ్లు, బేకరీ వాళ్లు కొనే దుకాణాలు కూడా ఆ చుట్టుపక్కలే. చెర్రీలు, మామిడి గుజ్జు, కండెన్స్‌డ్ మిల్క్ పెద్ద మొత్తంలో కావాలంటే ముందు అక్కడ ధర కనుక్కోవాలి.

నిమిషాల్లో తెచ్చిచ్చే డెలివరీ యాప్‌ల గురించి ఒక్క మాట. వాటిలో సరుకు ధర చూసి నిర్ణయించకండి, చివర్లో వచ్చే మొత్తం చూడండి. హ్యాండ్లింగ్ చార్జి, డెలివరీ చార్జి, చిన్న ఆర్డర్ అయితే ఇంకో చార్జి కలుస్తాయి. ఒక డబ్బా కోసం తెప్పిస్తే ఆ డబ్బా ధర చవక కాదు. అయితే ఒక మేలుంది: ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం ఇంటికి చేరేసరికి కనీసం 30 శాతం గడువో, 45 రోజులో మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024లో చెప్పింది. వచ్చిన సరుకు గడువు దగ్గరపడిందైతే వెనక్కి ఇచ్చేయండి, మొహమాటపడొద్దు.

వీధి చివర కిరాణా కొట్టుని ఈ పోలికలో చాలామంది వదిలేస్తారు. నేను వదలను. నెలాఖరులో చేతిలో డబ్బు లేనప్పుడు ఖాతా రాసుకునేది ఆ కొట్టు ఒక్కటే. పది రూపాయల ఆవాలు, ఐదు రూపాయల ఇంగువ అమ్మేది కూడా అదే. తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి పెద్ద ప్యాకెట్ మీద వచ్చే డిస్కౌంట్ కంటే, ఈరోజుకి సరిపడా కొనగలగడమే పెద్ద సాయం.

లోటు తిరగడమైతే

బట్టలు, గిన్నెలు, బకెట్లు, బియ్యం అన్నీ ఒకేచోట, పిల్లలతో సహా రెండు గంటలు తిరగాలంటే బిగ్ బజార్‌కి దగ్గరగా ఉండేది స్మార్ట్ బజారే. చాలాచోట్ల భవనం కూడా పాతదే, ఏ మూల ఏముంటుందో మన కాళ్లకి తెలుసు. జనవరి 26కీ, ఆగస్టు 15కీ పెద్ద సేల్ పెట్టే అలవాటు కొనసాగుతోంది. ఇక్కడ ఆఫర్ ఉన్న వస్తువుకీ, లేని వస్తువుకీ ధరలో తేడా ఎక్కువ. కాబట్టి డీమార్ట్‌లోలాగా కళ్లు మూసుకుని మొత్తం లిస్టు ఇక్కడే కొనేయడం మంచిది కాదు. ఆఫర్ ఉన్నవి ఇక్కడ తీసుకోండి.

పెద్ద హాలు, రద్దీ నచ్చనివాళ్లకి, త్రినేత్ర రోజులు గుర్తున్నవాళ్లకి రత్నదీప్, విజేత లాంటి షాపులు నప్పుతాయి. రత్నదీప్ 1987 నుంచి ఇక్కడే ఉన్న సంస్థ. కూరగాయలు, పండ్లు బాగుంటాయి, నడిచివెళ్లే దూరంలో ఉంటాయి, వయసు పైబడినవాళ్లకి ఏదైనా అందించమంటే అందిస్తారు. ధర మాత్రం చాలా వస్తువుల మీద ఎమ్మార్పీకి దగ్గరగానే ఉంటుంది. నా దృష్టిలో ఇవి 'చవక షాపులు' కావు, 'దగ్గర షాపులు'. ఆ ఉద్దేశంతో వెళ్తే నిరాశ ఉండదు. డబ్బాల అర మాత్రం డీమార్ట్ కంటే వీటిలోనే పెద్దది.

ఆర్మీలో పనిచేసినవాళ్లు, రిటైరైనవాళ్లు ఇంట్లో ఉంటే సికింద్రాబాద్, బొల్లారం వైపు క్యాంటీన్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. కార్డు ఉన్నవాళ్లకి ఈ ఊళ్లో దానికి మించిన చవక లేదు. కార్డు లేనివాళ్లు ఎవరినో బతిమాలి తెప్పించుకోవడం మాత్రం సరికాదు. ఆ సదుపాయం వాళ్ల సేవకి ఇచ్చింది, వాళ్లకి నెలకింత అని పరిమితి కూడా ఉంటుంది.

లోటు డబ్బాయే అయితే

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే. జ్ఞాపకం ఉన్న ప్రతి డబ్బా ఇప్పుడు కొనదగింది కాదు. కొన్నిటికి తాజాది మేలు. కొన్నిటికి మాత్రం డబ్బాదే మేలు, దానికి గట్టి కారణం కూడా ఉంది.

పైనాపిల్‌తో మొదలుపెడతాను. పచ్చి, అంటే ఉడికించని పైనాపిల్‌లో బ్రొమెలైన్ అనే ఎంజైము ఉంటుంది. అది ప్రొటీన్లని విరగ్గొడుతుంది. పచ్చి ముక్కలు కస్టర్డ్‌లోనో, క్రీమ్‌లోనో వేసి ఫ్రిజ్‌లో పెడితే కాసేపటికి చేదెక్కేది అందుకే. జెలటిన్‌తో చేసే జెల్లీ అయితే గట్టిపడనే పడదు. డబ్బాలో పెట్టేటప్పుడు ముక్కల్ని వేడి చేస్తారు కాబట్టి ఆ ఎంజైము పనిచేయదు. అందువల్ల ఫ్రూట్ కస్టర్డ్, పైనాపిల్ కేక్, జెల్లీ చేసేవాళ్లు డబ్బా కొనడంలో తప్పు లేదు, అది బద్ధకం కాదు. డబ్బు తగ్గించుకోవాలంటే మరో దారి ఉంది. పచ్చి పైనాపిల్ ముక్కల్ని కొంచెం పంచదార, నీళ్లతో పొయ్యి మీద కొన్ని నిమిషాలు బాగా ఉడికించి, పూర్తిగా చల్లార్చి వాడండి. డబ్బా చేసే పని ఇదే చేస్తుంది. చైనా గ్రాస్‌తో చేసే జెల్లీకి ఈ గొడవే లేదు, అందులో ప్రొటీన్ ఉండదు కాబట్టి పచ్చి ముక్కలు వేసినా గట్టిపడుతుంది. రైతా, చాట్, పులిహోరలాంటి పైనాపిల్ అన్నం చేసేటట్టయితే డబ్బా వద్దు, తాజాదే.

ఫ్రూట్ కాక్‌టెయిల్ డబ్బాని మాత్రం నేను సిఫారసు చేయను. పెళ్లి భోజనాల్లో కస్టర్డ్ గిన్నెలో ఎర్రగా మెరిసే చెర్రీ ముక్క కోసం పిల్లలం పోటీపడ్డ రోజులు నాకూ ఇష్టమే. అయితే డబ్బా తెరిస్తే చాలాసార్లు అందులో బొప్పాయి ముక్కలు, పంచదార పాకమే ఎక్కువ. మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, వనస్థలిపురం రైతుబజార్లు 1999లో ఈ పథకం మొదలైన కాలం నుంచీ మనకి అందుబాటులో ఉన్నవే. అక్కడో, వీధిలో బండి మీదో అరటి, దానిమ్మ, ద్రాక్ష, యాపిల్ కొని కోసుకుంటే అదే డబ్బుకి రెండింతల పండ్లు వస్తాయి. ఆ ఎర్ర చెర్రీ కావాలనిపిస్తే చెర్రీలు మాత్రం చిన్న డబ్బా విడిగా కొనుక్కోండి.

కండెన్స్‌డ్ మిల్క్ కొనదగిన డబ్బాల్లో మొదటిది. మిల్క్‌మెయిడ్, అమూల్ మిఠాయి మేట్ రెండింట్లో అమూల్‌ది సాధారణంగా కొంచెం తక్కువకి దొరుకుతుంది. డబుల్ కా మీఠాకీ, సేమ్యా పాయసానికీ ఏది వాడినా తేడా తెలియదు. చెంచాతో నేరుగా నాకి తినేవాళ్లకి తేడా తెలుస్తుంది, వాళ్లకి చిన్నప్పటిదే కావాలి, వాళ్లతో వాదించకండి. ఇంట్లో లీటరు పాలు మరిగించి పంచదార వేసి చిక్కబెట్టుకుంటే చవక కదా అంటే, గ్యాస్, పొయ్యి దగ్గర నిలబడే ముప్పావుగంట కూడా లెక్కేయండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కండెన్స్‌డ్ మిల్క్, చీజ్, జామ్ లాంటివాటి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. ఈ డబ్బాలు కొనడానికి ఇది అంత చెడ్డ కాలం కాదు.

మామిడి గుజ్జు డబ్బా చిత్తూరు జిల్లా గొప్పతనం. అక్కడి తోతాపురి పండు ఫ్యాక్టరీలకి వెళ్లి గుజ్జుగా మారి గల్ఫ్‌కీ, యూరప్‌కీ వెళ్తుంది. మనకి 850 గ్రాముల డబ్బా, కేటరింగ్ వాళ్లకి 3.1 కిలోల డబ్బా. డిసెంబర్‌లో మామిడి లస్సీ, ఆమ్రఖండ్, ఐస్‌క్రీమ్ చేయాలంటే వేరే దారి లేదు, కొనండి. లేబుల్ మీద ఏ రకం పండో చూడండి, ఆల్ఫాన్సో రాసి ఉన్నది ఖరీదు. పాలల్లో, పెరుగులో కలిపేదానికి తోతాపురి చాలు. ఫ్రిజ్‌లో ఫ్రీజర్ పెద్దదైతే మాత్రం మే నెలలో బంగినపల్లి బుట్ట కొని, గుజ్జు తీసి, చిన్న చిన్న డబ్బాల్లో గడ్డకట్టించుకోవడం అన్నిటికన్నా మేలు. రుచిలో ఆ గుజ్జుకి ఏ టిన్నూ సాటి రాదు.

పుట్టగొడుగులు, బేబీ కార్న్, బఠాణీలు డబ్బాలో కొనే కాలం అయిపోయింది. ఒకప్పుడు తాజా పుట్టగొడుగు దొరికేది కాదు కాబట్టి డబ్బా తెచ్చేవాళ్లం. ఇప్పుడు 200 గ్రాముల ప్యాకెట్ ప్రతి సూపర్‌మార్కెట్‌లో ఉంది. ఫ్రోజెన్ బఠాణీ రంగులోనూ రుచిలోనూ డబ్బా బఠాణీని మించుతుంది. వీటి గురించి ఆలోచించక్కర్లేదు.

రసగుల్లా డబ్బాకి దాదాపు శతాబ్ది చరిత్ర ఉంది, కోల్‌కతా కె.సి. దాస్ వాళ్లు 1930లోనే డబ్బాలో అమ్మడం మొదలుపెట్టారు. తాజా స్వీటు షాపు దగ్గర్లో ఉంటే రుచికి అదే మేలు. డబ్బా ఉపయోగం వేరు: చుట్టాలు వస్తారో రారో తెలియనప్పుడు, ఊరికి ప్రయాణంలో తీసుకెళ్లాలన్నప్పుడు, దీపావళికి ఆఫీసులో ఇవ్వాలన్నప్పుడు. తీపి మరీ ఎక్కువనిపిస్తే రసగుల్లాల్ని మెల్లగా పిండి, గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, మళ్లీ పిండి, యాలకులేసి కాచి చల్లార్చిన పాలల్లో వేయండి. తక్కువ ఖర్చులో రసమలైకి దగ్గరగా వస్తుంది.

బేక్‌డ్ బీన్స్, అంటే టమాటా సాస్‌లో ఉడికించిన బీన్స్ గింజలు, లాలాగూడ, మెట్టుగూడ వైపు ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో పెరిగినవాళ్లకీ, వాళ్ల పక్కింట్లో పెరిగినవాళ్లకీ తెలిసిన రుచి. అలవాటు ఉన్నవాళ్లు కొనుక్కోండి. లేనివాళ్లు అదే డబ్బుతో రాజ్మా కొనుక్కోవచ్చు.

డాల్డా గురించి అడుగుతారని తెలుసు. 1937 నుంచి మన వంటింట్లో ఉన్న పేరు. ఖాళీ అయ్యాక ఆ పసుప్పచ్చ డబ్బాలో తులసి మొక్క, బియ్యం కొలత, పొయ్యి దగ్గర నీళ్లు. ఆ డబ్బా మీద ప్రేమ సరే. వనస్పతి వాడకం మాత్రం తగ్గించుకోవడమే మంచిది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదని నియమం వచ్చింది, ఆ మేరకు పాత రోజులకంటే నయం. అంతమాత్రాన రోజూ వాడమని కాదు.

ఇంకో రకం డబ్బాలు హైదరాబాద్‌కే ప్రత్యేకం. దుబాయ్, సౌదీ నుంచి వచ్చేటప్పుడు అన్నలు, మామలు సూట్‌కేసులో తెచ్చే నిడో పాలపొడి, టాంగ్. పాతబస్తీలో బార్కస్ వైపు, టోలిచౌకిలో గల్ఫ్ సరుకులు అమ్మే దుకాణాలకి వెళ్తే ఆ డబ్బాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ధర ఎక్కువే, అయినా ఇంటికి దూరంగా ఉన్న మనిషి పంపినదాని గుర్తు కోసం కొనేవాళ్లని నేను ఆపను. దిగుమతిదార్ల పేరు, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉన్న స్టిక్కర్ డబ్బా మీద ఉందో లేదో మాత్రం చూసుకోండి. లేకపోతే ఆ డబ్బా సూట్‌కేసులో వచ్చిందే, ఎండలో ఎన్నాళ్లు నిలవుందో ఎవరూ చెప్పలేరు.

ఏది చవకో లెక్కేసేది ఇలా

డబ్బా మీద రెండు బరువులు ఉంటాయి. మొత్తం బరువు ఒకటి, పాకమో నీళ్లో వడకట్టాక మిగిలే బరువు ఇంకోటి. మనం పోల్చాల్సింది రెండోది. ఉదాహరణకి 840 గ్రాముల డబ్బా ధర 180 రూపాయలు, వడకట్టిన బరువు 450 గ్రాములు అనుకుందాం. అంటే పండు కిలో 400 రూపాయలు పడ్డట్టు. పక్కన ఇంకో కంపెనీ డబ్బా 190 ఉన్నా, అందులో పండు 500 గ్రాములుంటే కిలో 380 పడుతుంది, అదే చవక. ప్యాకెట్ సరుకుల మీద గ్రాముకో, కిలోకో ధర ఎంతో ముద్రించాలని నియమం ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎమ్మార్పీ పక్కన వెతకండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనే నమ్మకం తప్పని అక్కడే తెలుస్తుంది. అయితే ఆ ధర మొత్తం బరువు మీద వేసింది కావచ్చు, పాకంలో ఉన్న డబ్బాలకి పైన చెప్పిన లెక్కే నమ్మండి.

ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే ముందు డబ్బా అడుగున తారీకు చూడండి. గడువు దగ్గరపడ్డ సరుకుని అలా అమ్మడంలో తప్పు లేదు, మనం వారంలో వాడేస్తామంటే అది నిజంగా లాభమే. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ దాకా రుచి, నాణ్యత బాగుంటాయని. 'యూజ్ బై', 'ఎక్స్‌పైరీ' అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు.

ధర ఎంత తగ్గించినా ఉబ్బిన డబ్బా కొనొద్దు. పుట్టగొడుగు, బఠాణీలాంటి పులుపు లేనివాటిని 121 డిగ్రీల దగ్గర ఒత్తిడితో ఉడికించి మూసేస్తారు. ఆ పని సరిగ్గా జరగకపోతే బొటులిజం తెచ్చే బ్యాక్టీరియా లోపల పెరుగుతుంది, అది ప్రాణం తీసే విషం తయారుచేస్తుంది. రుచి చూసి తేల్చుకుందాం అనుకోవద్దు, చూడకుండానే పారేయాలి. కారుతున్నది, అతుకు దగ్గర సొట్టపడ్డది, తుప్పు లోతుగా పట్టింది, తెరవగానే చిమ్మింది కూడా అంతే. మధ్యలో చిన్న సొట్ట ఉండి అతుకులు బాగుంటే భయం లేదు. తెరిచాక మిగిలింది అదే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టకండి, గాజు సీసాలోకో స్టీలు గిన్నెలోకో మార్చండి. పైనాపిల్ లాంటి పుల్లనివాటికి గాలి తగిలితే లోహం కరిగి రుచి మారుతుంది. మూడు నాలుగు రోజుల్లో వాడేయండి.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లలు నన్నడిగితే, ఈ మొత్తంలో వాళ్లకి రెండే చెప్తాను: అమూల్ చీజ్ టిన్ను, చిన్న సైజు కండెన్స్‌డ్ మిల్క్. కండెన్స్‌డ్ మిల్క్‌కి తెరవనంతకాలం ఫ్రిజ్ అక్కర్లేదు, చీజ్ టిన్ను ఎలా దాచాలో మాత్రం లేబుల్ మీద చూసుకోండి. చీజ్ తెరిచాక గదిలో నలుగురూ కలిసి ఆ రోజే బ్రెడ్‌తో ముగించేయాలి. రెండూ డీమార్ట్‌లో చూడండి, లేకపోతే రత్నదీప్‌లో. యాప్‌లో తెప్పించుకునేటట్టయితే నలుగురి ఆర్డర్లూ కలిపి ఒకటే పెట్టండి, చార్జీలు ఒక్కసారే పడతాయి.